లెస్ దాన్ జేక్ ‘జీఎన్‌వీ ఎఫ్‌ఎల్‌ఏ’: పాత సౌండ్‌కి తిరిగొచ్చారంటే తిరిగొచ్చింది ఏమిటి?

మియాపూర్_మెట్రో:

అందరికీ నమస్కారం. స్కా పంక్ (జమైకా స్కా తాళం, పంక్ రాక్ వేగం కలిసిన సంగీతం) వినేవాళ్లు ఇక్కడ కొందరున్నారని పాత పోస్టులు చూస్తే తెలిసింది. అందుకే అడుగుతున్నాను.

నాకు లెస్ దాన్ జేక్ అనే అమెరికా బ్యాండ్ పరిచయమైంది ‘ఇన్ విత్ ది అవుట్ క్రౌడ్’తో, అంటే 2006 ఆల్బమ్‌తో. ఆఫీసులో పక్క సీటాయన హార్డ్ డిస్క్‌లో ఉంటే కాపీ చేసుకున్నా. బాగుంది, పాడుకునేలా ఉంది అనుకున్నా. చాలా రోజులు వాళ్లంటే అదే. తర్వాత ఎవరో చెబితే 1998 నాటి ‘హలో రాక్‌వ్యూ’ పెట్టాను. మెట్రోలో నిలబడి ఉన్నవాణ్ణి నాకు తెలియకుండానే కాలు ఆడించేస్తున్నాను. అసలు అదే బ్యాండా అని ఫోన్‌లో పేరు మళ్లీ చూసుకున్నా.

ఇప్పుడు 2008లో వచ్చిన ‘జీఎన్‌వీ ఎఫ్‌ఎల్‌ఏ’ దగ్గరికొచ్చాను. దీని గురించి ఎవరిని కదిపినా ఒకటే మాట, “పాత సౌండ్‌కి తిరిగొచ్చారు” అని. వేగం వచ్చింది, బూరలు (ట్రాంబోన్, సాక్సఫోన్) వచ్చాయి, ఒప్పుకుంటా. కానీ రాక్‌వ్యూ వింటే వచ్చే హుషారు ఇందులో నాకు రావట్లేదు. పాట పరిగెడుతూనే ఉంటుంది, పాడేవాడి గొంతులో మాత్రం ఏదో దిగులు. మరి ఏది తిరిగొచ్చిందని అంటున్నారు?

ఇంకొకటి కూడా మనసులో తిరుగుతోంది. 2006 ఆల్బమ్‌ని అభిమానులు తిట్టారు కాబట్టి వీళ్లు భయపడి వెనక్కి తగ్గారా? అలా అయితే దాన్ని మెచ్చుకోవడం ఎందుకు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. తొందరేం లేదు.

ఆరో_తీగ:

బ్రో, గిటార్ వైపు నుంచి చూస్తే తిరిగొచ్చింది ఏమిటో చెవికి స్పష్టంగా తెలుస్తుంది. చెప్తా.

కాలితో తాళం వెయ్యి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. రాక్‌లో గిటార్ మామూలుగా కాలు నేలకు తగిలినప్పుడు పడుతుంది. స్కాలో కాలు పైకి లేచినప్పుడు పడుతుంది. కుడి చేత్తో తీగల్ని కింద నుంచి పైకి ఒక్క గీత గీసి, ఆ వెంటనే ఎడమ చేతి వేళ్ల పట్టు సడలించి మోత ఆపేయాలి. వేళ్లు తీగల మీదే ఉండాలి, నొక్కకూడదు అంతే. ఆ ‘చక్, చక్’ అనే పొట్టి శబ్దాన్నే స్కాంక్ అంటారు. 1950ల చివర్లో జమైకాలో మొదలైన పద్ధతి ఇది. అక్కడి నుంచి 1979 నాటికి ఇంగ్లండ్‌లో కొవెంట్రీకి వచ్చింది, 1987లో కాలిఫోర్నియాలో ఆపరేషన్ ఐవీ బ్యాండ్ వాళ్లు దాన్ని పంక్ వేగానికి ఎక్కించారు. లెస్ దాన్ జేక్ 1992లో మొదలయ్యేసరికి దారి సిద్ధంగా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. స్కా పంక్ పాటలో గిటారిస్టు రెండు పనులు చేస్తాడు. చరణంలో శుభ్రమైన టోన్‌తో స్కాంక్, పల్లవి రాగానే పెడల్ తొక్కి డిస్టార్షన్‌తో, అంటే గరగరలాడే టోన్‌తో, నిండుగా పవర్ కార్డ్స్ (రెండు మూడు తీగలు కలిపి కొట్టే బరువైన మోత). మజా అంతా ఆ మలుపులోనే ఉంటుంది. 2006 ఆల్బమ్‌లో ఆ మలుపు చాలా పాటల్లో లేదు, మొదటి నుంచి చివరి దాకా గిటార్ నిండుగానే మోగుతుంది. అందుకే నీకు ‘పాడుకునేలా’ అనిపించింది, కాలు మాత్రం ఆడలేదు. 2008లో ఆ మలుపు మళ్లీ వచ్చింది. నా వరకు తిరిగి రావడమంటే అదే. దిగులు సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఇక్కడున్నారు.

ఆర్చర్_రోడ్:

మియాపూర్ గారూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది. ఈ ఆల్బమ్ గురించి తెలుగులో మాట్లాడే అవకాశం నాకు ఎప్పుడూ రాలేదు. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు పేరు చూడండి. జీఎన్‌వీ అంటే గెయిన్స్‌విల్, ఎఫ్‌ఎల్‌ఏ అంటే ఫ్లోరిడా. అది వాళ్ల ఊరు. నేను ఎమ్మెస్ చేసింది అక్కడే. ఆర్చర్ రోడ్ మీద ఒక అపార్ట్‌మెంట్‌లో మరో ముగ్గురు తెలుగమ్మాయిలతో ఉండేదాన్ని. ఈ ఆల్బమ్ 2008 జూన్‌లో విడుదలైనప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాను. కాబట్టి నేను దీన్ని ఊరి వైపు నుంచి వింటాను.

గెయిన్స్‌విల్ విద్యార్థుల ఊరు. యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా లేకపోతే అక్కడ మిగిలేది చాలా తక్కువ. ఆగస్టులో బస్సులన్నీ కిక్కిరిసిపోతాయి, మే వచ్చేసరికి సగం ఊరు ఖాళీ. పరుపులు, సోఫాలు, టేబుల్ ఫ్యాన్లు రోడ్డు పక్కన పడేసి వెళ్లిపోతారు. మా ఇంట్లో ఉన్న సోఫా అలా తెచ్చుకున్నదే. పక్కింట్లో ఎవరితోనైనా స్నేహం కుదిరేలోపు వాళ్ల డిగ్రీ అయిపోతుంది. ఆ వెళ్లిపోయేవాళ్ల మధ్య కొందరు అక్కడే ఉండిపోతారు. పిజ్జా షాపులో, సీడీల షాపులో, బార్‌లో పని చేస్తూ, రాత్రుళ్లు బ్యాండ్‌లో వాయిస్తూ ఉంటారు. అంత చిన్న ఊరి నుంచి హాట్ వాటర్ మ్యూజిక్, అగైన్‌స్ట్ మీ లాంటి బ్యాండ్లు ఎందుకొచ్చాయో అక్కడ ఉంటే తెలుస్తుంది. అద్దె తక్కువ, ఇళ్లకు వరండాలు పెద్దవి, వేసవిలో వినేవాళ్లు తక్కువ కాబట్టి రిహార్సల్‌కి బోలెడంత టైమ్. 2002లో మొదలై, హాలోవీన్ రోజుల్లో జరిగే ద ఫెస్ట్ అనే పంక్ సంగీతోత్సవానికి ఎక్కడెక్కడి నుంచో పంక్ బ్యాండ్లు దిగుతాయి. ఆ వారాంతం ఊరి రంగే మారిపోతుంది.

లెస్ దాన్ జేక్ పాటలకు మాటలు రాసింది చాలావరకు డ్రమ్మర్ విన్నీ ఫియొరెల్లో. పాడేది క్రిస్ డిమేక్స్, రోజర్ లీమా. అంటే డ్రమ్స్ వెనక కూర్చున్నవాడి మనసులోని మాట ముందు నిలబడినవాళ్ల నోట్లోంచి వస్తుంది. ఆ మాటలు మొదటి నుంచీ ఒకే చోట తిరుగుతుంటాయి: ఈ ఊళ్లో ఉండిపోవాలా, వెళ్లిపోవాలా. రాక్‌వ్యూలో కూడా అదే. కాకపోతే 1998లో వాళ్లకి పాతికేళ్లు నిండలేదో, అప్పుడే నిండాయో అంతే. ఊరు వదిలేస్తానని ఆ వయసులో అంటే అందులో సరదా ఉంటుంది. 2008 నాటికి ముప్పై దాటి నాలుగైదేళ్లు. పైగా అప్పటి ఫ్లోరిడా ఎలా ఉండేదో నేను చూశాను. ఇళ్ల ధరలు కూలిపోయి, కొన్నవాళ్లు వాయిదాలు కట్టలేక బ్యాంకులకు వదిలేసుకుంటున్న రోజులవి. మా వీధి చివర వరసగా ఇళ్లకు అమ్మకం బోర్డులు ఉండేవి, గడ్డి మోకాళ్ల దాకా పెరిగిపోయేది, కోసేవాళ్లు లేరు. ఉద్యోగం లేకుండా ఊళ్లో మిగిలిపోవడం, తాగుడు, స్నేహితులు ఒక్కొక్కరే జారిపోవడం, ఈ ఆల్బమ్‌లో అదే ఉంది. మీకు వినిపించిన దిగులు అక్కడి నుంచి వచ్చింది. మీ చెవి సరిగ్గానే పట్టుకుంది.

ఇక “భయపడి వెనక్కి తగ్గారా” అన్న ప్రశ్న. దీనికి నేను గట్టిగా కాదంటాను. ఎందుకంటే సౌండ్ మారడానికీ, తిరిగి రావడానికీ వెనక ఎవరి డబ్బు ఉందో చూడాలి.

1996లో ‘లూజింగ్ స్ట్రీక్’, 1998లో ‘హలో రాక్‌వ్యూ’ వచ్చింది క్యాపిటల్ నుంచి. అది పెద్ద కంపెనీ. అప్పుడు రేడియోకి స్కా కావాలి. 1997లో మైటీ మైటీ బాస్‌టోన్స్ పాట అమెరికా అంతా మోగింది. 2000 వచ్చేసరికి రేడియోకి స్కా చేదైపోయింది. ఆ ఏడాది వీళ్ల ‘బోర్డర్స్ అండ్ బౌండరీస్’ ఫ్యాట్ రెక్ కార్డ్స్ నుంచి వచ్చింది, అది చిన్న పంక్ లేబుల్, అంటే రికార్డుల కంపెనీ. మళ్లీ 2003లో ‘యాంథమ్’, 2006లో ‘ఇన్ విత్ ది అవుట్ క్రౌడ్’ సైర్ నుంచి, అంటే వార్నర్ ఇంటి నుంచి. 2006లో గాలి ఎటు వీస్తోందో గుర్తు చేసుకోండి. ఫాల్ అవుట్ బాయ్, పారామోర్, ప్యానిక్ ఎట్ ద డిస్కో. అన్నీ పాడుకునేలా ఉండే పాప్ పంక్ తరహా బ్యాండ్లు. ఈ మూడింటినీ పైకి తెచ్చిన లేబుల్ ఫ్యూయెల్డ్ బై రామెన్. దాన్ని 1996లో గెయిన్స్‌విల్‌లో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు ఎవరనుకుంటున్నారు? ఈ డ్రమ్మర్ విన్నీయే. ఆయన చేత్తో నాటిన చెట్టు నీడలోనే ఆయన బ్యాండ్ బూరలు వినపడకుండా పోయాయి. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

2006 ఆల్బమ్ పాడైంది ప్రొడ్యూసర్ వల్ల అని చాలామంది అంటారు. ఆ మాట నిలవదు. దాన్ని చేసిన హోవర్డ్ బెన్సనే 1998లో రాక్‌వ్యూ కూడా చేశాడు. మనిషి అతనే, బ్యాండూ దాదాపు అదే. మారింది ఎవరి కోసం చేస్తున్నామన్నది.

2006 ఆల్బమ్ తర్వాత సైర్‌తో తెగిపోయింది. 2008లో స్లీప్ ఇట్ ఆఫ్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకున్నారు. ఆ లేబుల్ మీద వచ్చిన కొత్త పాటల ఆల్బమ్ ఇది. అదే ఏడాది ఫిబ్రవరిలో సొంత ఊళ్లో రాత్రికో ఆల్బమ్ చొప్పున, తమ ఆల్బమ్‌లన్నీ మొదటి పాట నుంచి చివరి పాట దాకా వాయించారు. ఒక బ్యాండ్ తన పాత పాటలన్నిటినీ, ఎవరూ అడగనివాటితో సహా, కూర్చుని మళ్లీ నేర్చుకుందంటే భయంతో చేసే పనేనా అది? డబ్బు ఇచ్చి “రేడియోకి ఒక పాట కావాలి” అనే మనిషి పక్కన లేనప్పుడు వాళ్ల చేతులు ఎటు పోయాయో అటు పోనిచ్చారు. పాత చోటికే పోయాయి. నేను దాన్ని వెనక్కి తగ్గడం అనను.

ఇంకొక ఉదాహరణ. డెట్రాయిట్ బ్యాండ్ సూసైడ్ మెషీన్స్ కూడా ఇలాగే. పెద్ద కంపెనీలో ఉండగా 2000లో స్కాని దాదాపు వదిలేసి పాప్ రాక్ ఆల్బమ్ చేశారు. ఆ కంపెనీ నుంచి బయటపడ్డాక 2003లో చిన్న లేబుల్‌కి చేసిన ఆల్బమ్‌లో స్కా తిరిగొచ్చింది. రెండు బ్యాండ్లు, రెండు ఊళ్లు, ఒకే దారి.

ఒక్క విశేషం మాత్రం చెప్పాలి. ఊరి పేరు పెట్టుకున్న ఈ ఆల్బమ్‌ని రికార్డు చేసింది ఆ ఊళ్లో కాదు, చికాగోలో, ప్రొడ్యూసర్ మాట్ ఆలిసన్ దగ్గర. ఆల్కలైన్ ట్రియో అనే బ్యాండ్‌తో పని చేసినాయన. గొంతులు ఎక్కువ తోమకుండా, డ్రమ్స్ గదిలో మోగినట్టు ఉంచాడు. ఊరికి దూరంగా కూర్చుని ఊరి గురించి పాడటం నాకు బాగా అర్థమవుతుంది. నాకూ ఒంగోలు మీద ప్రేమ ఆర్చర్ రోడ్ మీద ఉన్నప్పుడే ఎక్కువ పుట్టింది.

తెనాలి_టెనర్:

ఆర్చర్ రోడ్ గారు ఊరి సంగతి చెప్పారు, నేను బూరల సంగతి చెప్తాను. నేను టెనర్ సాక్స్ వాయిస్తాను. మా నాన్నగారు పెళ్లి బ్యాండ్‌లో క్లారినెట్. బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు ఒక బ్యాండ్‌లో వాయిద్యం.

“బూరలు తిరిగొచ్చాయి” అని అందరూ అంటారు. 2006లో బూరలు లేకపోలేదండీ. ట్రాంబోన్ బడ్డీ షాబ్, సాక్స్ జేఆర్ వాసిలెవ్‌స్కీ, ఇద్దరూ బ్యాండ్‌లోనే ఉన్నారు. ఉన్నారు గానీ పాటలో వాళ్లకి చోటు లేదు. పల్లవి అయిపోయాక రెండు సుదీర్ఘ స్వరాలు, చివర్లో ఒక చిన్న ముక్క. వాళ్లని తీసేసినా పాట నిలబడుతుంది. నా దృష్టిలో ఇదే పరీక్ష: బూరలు మ్యూట్ చేస్తే పాట కుంటుతుందా లేదా. రాక్‌వ్యూలో కుంటుతుంది. పాట మొదలయ్యే వరసే బూరలది కాబట్టి, గొంతు ఆ తర్వాత వస్తుంది కాబట్టి. ‘జీఎన్‌వీ’లో మళ్లీ కుంటుతుంది.

ఇందులో పని ఎంత ఉంటుందో బయటివాళ్లకి తెలియదు. గిటారిస్టులకి ‘ఈ’ స్కేల్ అంటే ప్రాణం, ఖాళీ తీగలు మోగుతాయి కదా. వాళ్లు ‘ఈ’ మేజర్‌లో వాయిస్తే ట్రాంబోన్ వాడికి నాలుగు షార్ప్‌లు, అంటే అర మెట్టు పెంచి వాయించాల్సిన స్వరాలు. టెనర్ సాక్స్ బీ ఫ్లాట్ వాయిద్యం, స్థాయి తేడా వదిలేస్తే రాసినదానికన్నా ఒక మెట్టు కింద పలుకుతుంది, కాబట్టి నేను ‘ఎఫ్ షార్ప్’ మేజర్‌లో చదవాలి, ఆరు షార్ప్‌లు. ఆల్టో సాక్స్ వాడికైతే ఏడు. పంక్ వేగంలో ఆరు షార్ప్‌లతో వరస ఊదాలంటే ఎడమ చిటికెన వేలు విరిగినంత పనవుతుంది. మా బ్యాండ్‌లో మా గిటారిస్టుని బతిమాలి తీగలు అర మెట్టు దింపించాను. అప్పుడు నాకు ‘ఎఫ్’ మేజర్, ఒక్క ఫ్లాట్ (అర మెట్టు దించే స్వరం) అంతే. ఆ రోజు నుంచి నా జీవితం వేరు. చెప్పొచ్చేదేమిటంటే, బూరల కోసం పాట రాయాలంటే మొదటి రోజే, గిటార్ చేతిలోకి తీసుకున్నప్పుడే, బూరలవాడు గదిలో ఉండాలి. పాట అంతా అయిపోయాక పిలిచి “ఇక్కడ ఏదైనా ఊదు” అంటే రెండు సుదీర్ఘ స్వరాలే వస్తాయి. వినగానే ఏ పాట ఎలా పుట్టిందో మాకు తెలిసిపోతుంది.

మియాపూర్ గారికి హుషారు తేడాగా అనిపించడానికి ఇంకో కారణం చెప్తాను. 1998లో వాళ్లకి బూరలు మూడు. బడ్డీ షాబ్, పీట్ ఆనా ఇద్దరూ ట్రాంబోన్లు, డెరన్ నూఫర్ సాక్స్. 2008లో రెండే. మూడు ఉంటే ఒకరు వరస, ఒకరు దాని పైన మూడో స్వరం, ఒకరు కింద స్థాయిలో పునాది. నిండు కార్డ్ పలుకుతుంది. అదే పండగ శబ్దం. రెండే ఉంటే కార్డ్‌లో ఒక స్వరం ఎవరూ పట్టరు, దాన్ని గిటార్ నుంచో గొంతు నుంచో చెవి పూరించుకోవాలి. లేదా ఇద్దరూ ఒకే వరసని ఒక స్థాయి తేడాతో కలిపి ఊదుతారు. అది సూటిగా, గరుగ్గా, కొంచెం ఒంటరిగా ఉంటుంది. ‘జీఎన్‌వీ’లో ఆ సూటితనం చాలాచోట్ల వినిపిస్తుంది. ఆర్చర్ రోడ్ గారు చెప్పిన ఖాళీ ఇళ్లకి ఆ శబ్దం సరిపోయింది. ఈ విధంగా చూస్తే పాత సౌండ్ పూర్తిగా రాలేదు, వచ్చే వీలు కూడా లేదు. తిరిగొచ్చింది పని చేసే పద్ధతి.

పాతసీడీలు:

అందరి మాటా గౌరవిస్తూనే నా అసమ్మతి చెప్పుకుంటాను. నేను 2006 ఆల్బమ్ పక్షం.

‘పాత సౌండ్’ అని మీరందరూ ఒక గీత గీసి మాట్లాడుతున్నారు. ఆ గీత ఎక్కడుంది? 1995 నాటి ‘పెజ్‌కోర్’ వినండి, రికార్డింగ్ గరుకు, పాటలు గంతులు. ‘రాక్‌వ్యూ’ దానితో పోలిస్తే ఎంత శుభ్రంగా ఉంటుంది. ‘బోర్డర్స్ అండ్ బౌండరీస్’లోనే స్కా తగ్గి పంక్ పెరిగింది. ‘యాంథమ్’ చేసింది గ్రీన్ డే ‘డూకీ’ చేసిన రాబ్ కవాలో, అందులోనూ స్కా కన్నా రాక్ పాళ్లు ఎక్కువే. దాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు, పాపం 2006 వచ్చేసరికి మాత్రం తిట్లు. మార్పు ఒక్క రోజులో జరిగింది కాదు, మెట్టు మెట్టుగా వచ్చింది. ఆఖరి మెట్టు మీద నిలబడిన ఆల్బమ్ ఒక్కటే దెబ్బలు తింది.

మియాపూర్ గారు అసలు ఈ బ్యాండ్ దగ్గరికి వచ్చిందే ఆ ఆల్బమ్ పట్టుకుని. ఆయనలాంటి వాళ్లు ఎందరో. ఆ పాటలు మీకు నచ్చితే, అవి మంచి పాటలు కావని ఎవరో చెప్పారని మనసు మార్చుకోకండి. క్రిస్ డిమేక్స్ గొంతు ఆ ఆల్బమ్‌లో ఉన్నంత విడిగా, మాట మాట తెలిసేలా మరెక్కడా లేదని నా అభిప్రాయం. బూరలు పక్కకి తప్పుకుంటే గొంతుకి గాలి ఆడింది.

“తిరిగొచ్చారు” అనే మాట వల్ల ఇంకో నష్టం ఉంది. ఒక బ్యాండ్ ఇరవై రెండేళ్లప్పుడు ఎలా ఉందో అలాగే జీవితాంతం ఉండాలని మనం కోరుకుంటున్నాం. మనలో ఎవరైనా అలా ఉంటామా? ‘జీఎన్‌వీ’ నాకూ ఇష్టమే, చాలా ఇష్టం. అది కొత్త ఆల్బమ్ కాబట్టి ఇష్టం. ఆర్చర్ రోడ్ గారు రాసిన ఆ మోకాలెత్తు గడ్డి 1998లో వాళ్లు రాయగలిగేవారా?

ఆర్చర్_రోడ్:

పాతసీడీలు గారూ, చివరి ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబుంది, రాయగలిగేవారు కారు. అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

కానీ 2006 ఆల్బమ్ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. గొంతు విడిగా వినపడుతుంది, నిజమే. ఆ గొంతు ఎక్కడ నిలబడి పాడుతోందో మాత్రం తెలియదు. లాస్ ఏంజెలెస్‌లో పాడినా, లండన్‌లో పాడినా అలాగే ఉంటుంది. అదే ‘జీఎన్‌వీ’ మొదటి పాట పేరులోనే ఊరు, రెండో పాట పేరులో రాష్ట్రం. తలుపు మీద అడ్రసు రాసి పెట్టారు. నేను మూడేళ్లు బస్సెక్కిన వీధుల మీద పాట పాడుతున్నారన్న భావం నాకు ఇంకే ఆల్బమూ ఇవ్వలేదు. ఊరి పేరు తీసేస్తే వాటిని ఎవరైనా పాడుకోవచ్చు, కానీ తీసెయ్యలేదు కదా, అదే నాకు విలువైంది.

34వ వీధిలో ఒక పొడవాటి గోడ ఉంటుంది. విద్యార్థులు దాని మీద రంగులతో ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు. పుట్టినరోజు శుభాకాంక్షలు, ప్రేమలు, చనిపోయినవాళ్ల పేర్లు. రాత్రికి రాత్రి దాని మీద ఇంకొకరు రాసేస్తారు. ఒకచోట రంగు పెచ్చు ఊడితే చూశాను, అరచేతి మందాన పొరలు ఉన్నాయి. ఇన్నేళ్ల రాతలన్నీ ఒకదాని మీద ఒకటి అక్కడే ఉన్నాయి. ఆ ఊళ్లో ఉండిపోయినవాళ్లకి ఊరు అలాగే కనిపిస్తుంది. విన్నీ రాసిన మాటల్లో నాకు అది వినిపిస్తుంది.

మియాపూర్_మెట్రో:

ఇన్ని మాటలు వస్తాయని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. పొద్దున్న తెనాలి గారి పరీక్ష పెట్టి చూశా. మ్యూట్ చేసే వీలు లేదు కాబట్టి బూరలు లేవని ఊహించుకుంటూ విన్నా. 2006 పాటలు నిలబడ్డాయి. ‘జీఎన్‌వీ’లో రెండు పాటల దగ్గర అసలు ఊహించుకోలేకపోయా, అక్కడ గిటార్ ఖాళీగా ఉండి బూరలే నడిపిస్తున్నాయి. అలాగే రాక్‌వ్యూలో మూడో బూర ఎక్కడుందో ఇప్పుడే చెవికి అందింది. ఇన్నాళ్లూ అంతా కలిపి ఒకే శబ్దంగా విన్నాను.

పాతసీడీలు గారూ, 2006 ఆల్బమ్ నా ఫోన్‌లోంచి తీసేయను, మీరు నిశ్చింతగా ఉండండి.

దీని తర్వాత ఏం వినాలి? వరసగా వెళ్లాలా?

తెనాలి_టెనర్:

వరసగా వెళ్లక్కర్లేదు. ‘జీఎన్‌వీ’ తర్వాత పూర్తి ఆల్బమ్ రావడానికి ఐదేళ్లు పట్టింది. మధ్యలో ఈపీలు, అంటే కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డులు వేశారు, వాటిలో రెండింటిని కలిపి 2012లో ‘గ్రీటింగ్స్ అండ్ సాల్యుటేషన్స్’ అని విడుదల చేశారు. అది వినండి, బూరల పని చక్కగా ఉంటుంది. తర్వాత 2013 నాటి ‘సీ ద లైట్’. దాన్ని గెయిన్స్‌విల్‌లోనే, రోజర్ లీమా సొంత స్టూడియోలో రికార్డు చేశారు, విడుదల మళ్లీ ఫ్యాట్ రెక్ కార్డ్స్ నుంచి. ‘సిల్వర్ లైనింగ్స్’ 2020లో వచ్చింది. అప్పటికి విన్నీ బ్యాండ్ వదిలేసి రెండేళ్లైంది, మాట్ యాంకర్ డ్రమ్స్. మాటలు రాసే మనిషే లేనప్పుడు ఆ బ్యాండ్ ఎలా ఉంటుందో చూడాలనుంటే దాన్ని ఆఖరికి ఉంచుకోండి.

హైదరాబాద్‌లో స్కా ప్రత్యక్షంగా వినే అవకాశం తక్కువ. ఢిల్లీ బ్యాండ్ స్కా వెంజర్స్ మీకు దగ్గరలో ఎప్పుడైనా వాయిస్తే వదలకండి. అది పంక్ కాదు, జమైకా వైపు మొగ్గే స్కా. అయినా గిటార్ తాళానికి తాళానికి మధ్య పడటం, పక్కన నిజమైన బూర ఊపిరి తీసుకోవడం ఎదురుగా వింటే రికార్డులో వెతకాల్సింది ఏమిటో చెవికి తెలుస్తుంది. వేదికకి ఎడమ పక్క, బూరలవాళ్లకి దగ్గరగా నిలబడండి.

ఆరో_తీగ:

గిటారిస్టుకి దగ్గరగా నిలబడు బ్రో, ఎడమ చెయ్యి చూడు. ‘సీ ద లైట్’ విన్నాక ఇక్కడే రాయి, దాని మీద నాకు చాలా చెప్పాలనుంది.